గుంజకు పొన్ను

నిరుడు ఆగస్టు చివర ఒక రాత్రి కురిసిన గాలివానకు మా పెరట్లోని బీరపందిరి ఒక పక్కకు ఒరిగిపోయింది. తెల్లవారి వెళ్ళి చూస్తే నాలుగు గుంజల్లో రెండు నేలమట్టానికి విరిగి ఉన్నాయి. పైనున్న కర్ర నిక్షేపంలా ఉంది. పలుగుతో తవ్వి తీసిన మొదళ్ళు కూడా అడుగుభాగాన ఇంకా గట్టిగానే ఉన్నాయి. చెడినదల్లా నేలకు పైనా కిందా ఒక జానెడు మేర. అక్కడ కర్ర తడిసిన రొట్టెముక్కలాగా వేలికి ఊడి వస్తోంది. నాలుగేళ్ళ క్రితం నేనే స్వహస్తాలతో పాతిన గుంజలవి.

అక్కడికి పది గజాల దూరంలో, ఇంటిని ఆనుకొని, ఇక్కడివారు డెక్ అని పిలిచే చెక్క వసారా ఉంది. ఈ ఇంట్లో మాకు ముందున్నవారు 1994లో కట్టించుకున్నది. దాని గుంజలూ పైన్ కర్రే. పాతినదీ ఇదే నార్త్ కెరొలైనా ఎర్ర బంకమట్టిలో. మూడు దశాబ్దాలు దాటినా వాటికి చెద పట్టలేదు, పుచ్చు పట్టలేదు. దగ్గరగా చూస్తే మాత్రం కర్ర పొరల్లో మాసిపోయిన ఆకుపచ్చని ఛాయ ఒకటి కనిపిస్తుంది.

ఒకే జాతి కర్ర, ఒకే మట్టి, ఒకే వాన. ఒకటి నాలుగేళ్ళలో కూలింది, మరొకటి ముప్ఫై ఏళ్ళుగా నిలిచింది. ఈ తేడా ఎక్కడిదని వెతుకుతూ పోయి నేను పాటలీపుత్రంలోనూ, రోమన్ వంతెనల కిందా, చూపులేని ఒక ఐరిష్ ఇంజనీరు దగ్గరా మజిలీలు చేసి, చివరికి డెహ్రాడూన్‌లో మనకు బాగా పరిచయమైన ఒక ఇంటిపేరు ముందు ఆగవలసి వచ్చింది. ఆ పేరు కోసమే ఈ టపా. పోస్టులు పాతడం గురించి పోస్టు రాస్తున్నావా అని ఇంట్లో ఎగతాళి ఇప్పటికే పూర్తయింది కనుక మీరు ఆ శ్రమ తీసుకోనక్కరలేదు.

కర్రను తినేది నీరు అని మనం అనుకుంటాం. నిజానికి తినేవి శిలీంధ్రాలు. వాటికి తడి కావాలి, తడితోపాటు ప్రాణవాయువూ కావాలి. గుంజ పైభాగంలో గాలి పుష్కలంగా ఉంటుంది, కానీ వాన వెలిశాక ఎండకు ఆరిపోతుంది. లోతున మట్టిలో తడి ఎప్పుడూ ఉంటుంది, గాలి చాలదు. రెండూ సమృద్ధిగా దొరికే చోటు ఒక్కటే, నేల గీత. అందుకే గుంజ ఎప్పుడూ అక్కడే విరుగుతుంది. గాలి తోసినప్పుడు వంపు బలం ఎక్కువగా పడేది కూడా సరిగ్గా ఆ చోటే కావడం గుంజ దౌర్భాగ్యం. చెదపురుగులకూ రాకపోకల దారి అదే.

గాలి చొరని చోట కర్ర ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి పాటలీపుత్రాన్ని మించిన సాక్ష్యం లేదు. ఆ నగరం చుట్టూ కర్రతో కట్టిన ప్రాకారం ఉందనీ, బాణాలు వేయడానికి దానిలో రంధ్రాలున్నాయనీ మెగస్తనీసు చెప్పిన మాటను స్ట్రాబో నమోదు చేశాడు. గ్రీకువాడి అతిశయోక్తి అనుకోవడానికి వీలున్న మాటే. కానీ ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో పట్నా దగ్గర బులందీబాగ్‌లో పురావస్తుశాఖవారు తవ్వినప్పుడు, రెండు వరుసలుగా నిలబెట్టిన భారీ దుంగలూ వాటి మధ్య పరిచిన కర్ర నేలా బయటపడ్డాయి. నీరూరే మట్టి లోతులో, గాలి సోకక, రెండు వేల ఏళ్ళకు పైగా అలాగే ఉన్నాయి. ఆ కోట నేలకు పైన ఎలా ఉండేదో మెగస్తనీసు మాటను బట్టి ఊహించుకోవలసిందే. కింద ఉన్నది మిగిలింది, పైన ఉన్నది పోయింది. వాటికి మధ్యన ఉన్నది అన్నిటికంటే ముందే పోయి ఉంటుంది.

ఈ సంగతి మన పెద్దలకు శిలీంధ్రాల పేర్లు తెలియకుండానే తెలుసు. మండువా ఇంట్లో టేకు స్తంభాన్ని ఎవరూ నేలలో పాతలేదు. రాతి దిమ్మ మీద నిలబెట్టారు. వసారా కడిగిన నీళ్ళు రాతిని తడిపి పోతాయి, కర్రను అంటవు. అయితే ఈ ఉపాయానికి ఒక షరతు ఉంది. స్తంభం మీద దూలాలూ పెంకులూ మోపిన బరువు ఉండాలి. ఆ బరువే దాన్ని దిమ్మ మీద కదలకుండా పట్టి ఉంచుతుంది. నెత్తిన బరువు లేని గుంజ, అంటే కంచె గుంజ, పందిరి రాట, గేటు కంబం, తంతి స్తంభం, రాతి మీద నిలబడదు. మొదటి గాలికే పడిపోతుంది. దాన్ని పట్టి ఉంచగలిగేది నేల ఒక్కటే. తనను నిలబెట్టే నేలే తనను తింటుంది. గుంజ చరిత్ర అంతా ఈ చిక్కులోంచి బయటపడడానికి మనిషి చేసిన ప్రయత్నాల చరిత్ర.

కొందరు ఆ చిక్కును విప్పకుండా అలాగే స్వీకరించారు. జపాన్‌లోని ఇసే ఆలయంలో స్తంభాలను నేటికీ నేరుగా నేలలోనే పాతుతారు. రాతి పీఠం లేదు, పూత లేదు. పాడవుతాయి కనుక ఇరవై ఏళ్ళకొకసారి ఆలయాన్నంతా పక్క స్థలంలో కొత్తగా కడతారు. క్రీ.శ. 690లో మొదలైన ఈ ఆనవాయితీ యుద్ధకాలాల్లో తప్పినా, 2013లో అరవై రెండో మారు జరిగింది. మన పెళ్ళిపందిరి రాటకు మూడు రోజుల ఆయుర్దాయం చాలు కనుక మనకు ఆ బెంగే లేదు. దక్కన్ రాతినేలల్లో రైతులు కర్రనే వదిలేసి పొలం చుట్టూ రాతి కడీలు పాతుకున్నారు. రాయి చవకగా దొరికే చోట అంతకు మించిన పరిష్కారం లేదు.

ఇంకొందరు నిప్పును ఆశ్రయించారు. క్రీస్తుకు కొద్ది ముందు రాసిన వాస్తుగ్రంథంలో విట్రూవియస్, మెత్తని నేలలో పునాది వేయాలంటే ఆల్డర్, ఆలివ్, లేదా ఓక్ దుంగలను కాల్చి దగ్గర దగ్గరగా దిగగొట్టమంటాడు. గుంజలు విరిగిన రోజు ఫోనులో మా నాన్నగారు అడిగిన మొదటి మాట కూడా ఇదే: "మొదలు కాల్చి తారు పూసి పాతావా, లేక ఊరికే పాతేశావా?" ఊరికే పాతేశానని ఒప్పుకోక తప్పలేదు. నిజం చెప్పాలంటే కాల్పు పైపొరకే రక్ష. ఎండకు కర్ర బీటలు వారితే తడి ఆ బీటల్లోంచే లోపలికి పోతుంది. ఆ మాట ఆయనతో అనలేదు.

ఇక ఇనుము. రోకలికి పొన్ను తొడిగే ఆచారం మనకుంది. దంచేటప్పుడు కొస చీలిపోకుండా పట్టి ఉంచే ఇనుప కట్టు అది. రోమన్లు వంతెనలకు దిగగొట్టే దుంగల కొసలకు ఇలాంటివే ఇనుప తొడుగులు వేసేవారు. యూరపు నదుల అడుగున అవి నేటికీ దొరుకుతున్నాయి. అయితే ఆ ఇనుము పని దుంగను రాళ్ళలోంచి కిందికి దింపడం వరకే. నేల గీత దగ్గర కర్రకు అది చేసే సాయమేమీ లేదు. ఇనుమును మట్టిలో ఉంచి కర్రను మట్టికి పైన ఉంచాలన్న ఆలోచన రావడానికి ఇనుము చవకయ్యేదాకా, అంటే పందొమ్మిదో శతాబ్దం దాకా, ఆగవలసి వచ్చింది.

ఆ దారిలో మొదటి పెద్ద అడుగు వేసినవాడు అలెగ్జాండర్ మిచెల్. 1780లో డబ్లిన్‌లో పుట్టి, బెల్‌ఫాస్ట్‌లో ఇటుకల వ్యాపారం చేసుకుంటూ బతికినవాడు. ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ వయసుకే చూపు పూర్తిగా పోయింది. 1833లో ఆయన పొందిన పేటెంటు వినడానికి చాలా సామాన్యంగా ఉంటుంది: ఒక ఇనుప కంబం, దాని కొసన వెడల్పాటి మర. దాన్ని సుత్తితో కొట్టరు, తిప్పుతారు. బిరడాలో మర దిగినట్టు నేలలోకి దిగుతుంది. పీకాలన్నా ఊడదు, ఎందుకంటే ఆ మర మీద ఉన్న మట్టి బరువంతా దాన్ని పట్టి ఉంచుతుంది. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట మాప్లిన్ అనే ఇసుకతిప్ప ఉంది. దాని మీద ఏ కట్టడమూ నిలవదని పేరు. 1838లో మిచెల్ అక్కడ నాలుగడుగుల వెడల్పు మరలున్న తొమ్మిది కంబాలను దింపించాడు. వాటి మీద నిలిచిన దీపస్తంభం 1841లో వెలిగింది. చూపులేని మనిషి పడవల్లో పనివాళ్ళతోపాటు సముద్రంలోకి వెళ్ళి, బిగింపులన్నీ చేత్తో తడిమి చూసేవాడట. కళ్ళున్న నాకు రెండు దిక్కులా మట్టపలక పెట్టినా గుంజ నిలువుగా రాలేదన్నది వేరే సంగతి.

మిచెల్ మరకంబాలు మన దేశానికీ త్వరగానే వచ్చాయి. ఓడలు ఒడ్డుకు రాలేని మద్రాసు తీరంలో 1860ల ఆరంభంలో కట్టిన ఇనుప పియర్ ఈ మరకంబాల మీద నిలిచినదే. అంతకుముందు మద్రాసులో దిగవలసిన దొరలైనా సరుకులైనా మసూలా పడవల్లో అలలతో పోట్లాడి రావలసిందే.

ఇనుము వైపు మనిషిని తోసిన రెండో శక్తి చెదపురుగు. ఆస్ట్రేలియా ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి కోస్తూ పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా సుమారు 3,200 కిలోమీటర్ల తంతిమార్గాన్ని 1872లో పూర్తి చేశారు. దానికి దాదాపు 36,000 కంబాలు పాతారు. ఉత్తర భాగంలో వేసిన కర్రకంబాలను తెల్లచీమలు తినివేయడంతో కొద్ది ఏళ్ళకే ఇనుప కంబాలు తెప్పించి మార్చవలసి వచ్చింది. ఉష్ణదేశాల్లో కర్రగుంజ బతకదన్న అభిప్రాయం బలపడిన రోజులవి.

ఇనుము ఒక దారి అయితే విషం మరొక దారి. కర్రను మట్టి నుంచి తప్పించే బదులు, మట్టిలో ఉన్నవేవీ తినలేనట్టు కర్రనే మార్చివేయడం. ఈ దారిలో 1830లు ఆశ్చర్యకరమైన దశాబ్దం. 1832లో కయాన్ అనే ఆయన రసకర్పూరపు ద్రావణంలో కర్రను నానబెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1838లో బర్నెట్ జింక్ క్లోరైడుతో వచ్చాడు. అదే సంవత్సరం జాన్ బెథెల్, కర్రను ఇనుప పీపాలో పెట్టి మూసి, ముందు గాలి లాగేసి, తరువాత ఒత్తిడితో మందును కర్ర కణాల్లోకి ఎక్కించే పద్ధతికి పేటెంటు పొందాడు. బొగ్గుతారు నుంచి తీసే క్రియోసోట్‌కు ఇదే రాజమార్గం అయింది. ఆ పీపా నేటికీ మారలేదు. లోపల పోసే మందు మాత్రమే మారింది. ఫ్రాన్స్‌లో బూషెరీ పచ్చి మానులోకి మైలుతుత్తం నీళ్ళు ఎక్కించాడు.

క్రియోసోట్ నల్లన, జిడ్డు, దుర్వాసన, దానికి తోడు ఖర్చు. లవణాల ద్రావణాలు శుభ్రంగా, చవకగా ఉంటాయి. కానీ వాటిలో ఒక మౌలికమైన లోపం ఉంది. నీళ్ళలో కరిగి కర్రలోకి వెళ్ళిన ఉప్పు మళ్ళీ నీళ్ళలో కరిగి బయటికి వచ్చేస్తుంది. ఇంట్లో బల్లకు ఫరవాలేదు. వానలో నిలబడే గుంజకు రెండు మూడు వర్షాకాలాలు గడిస్తే మందు మట్టిపాలు, ఆ వెనక కర్ర కూడా. నూరేళ్ళపాటు రసాయన శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న ఇది: లోపలికి వెళ్ళేటప్పుడు కరిగి, వెళ్ళాక కరగకుండా ఉండే మందు ఏది?

జవాబు చెప్పినవాడి పేరు సొంఠి కామేశం.

డెహ్రాడూన్‌లో 1906లో నెలకొల్పిన అటవీ పరిశోధనాసంస్థలో కర్ర పరిరక్షణ మీద పనిచేసిన శాస్త్రవేత్త. ఆంగ్ల గ్రంథాల్లో కామేసం అనీ, కామేశన్ అనీ రెండు రకాలుగానూ కనిపిస్తాడు. సొంఠి అన్న ఇంటిపేరు విన్న తెలుగువాడికి మాత్రం సందేహం కలగదు. ముందుగా రిచర్డ్ ఫాల్క్ అనే జర్మన్ శిలీంధ్ర శాస్త్రవేత్తతో కలిసి ఆర్సెనిక్, డైక్రోమేటులతో ఒక మందు తయారుచేశాడు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి ఫాల్కామేశం అని పేరు పెట్టారు. ఒక తెలుగు వ్యక్తి పేరు సగం పాలుగా ఉన్న జర్మన్ మందు ఒకటి ప్రపంచంలో ఉండేదని తెలిసి నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఫాల్క్ యూదుడు కావడంతో నాజీలు అధికారంలోకి వచ్చాక దేశం విడవవలసి వచ్చింది. కామేశం ఆ పనిని డెహ్రాడూన్‌లో ముందుకు తీసుకువెళ్ళి, దానికి రాగిని చేర్చి, 1933లో కొత్త మందును రూపొందించాడు. 1938లో అమెరికా పేటెంటూ వచ్చింది. ఆర్సెనిక్, రాగి అనే రెండు మూలకాల రసాయన సంకేతాలు కలిపి దానికి పెట్టిన పేరు అస్కు.

పాళ్ళు చెబుతాను, చాలా సులువు: ఆర్సెనిక్ పెంటాక్సైడు ఒక వంతు, మైలుతుత్తం మూడు వంతులు, పొటాషియం డైక్రోమేటు నాలుగు వంతులు. రాగి శిలీంధ్రాలను చంపుతుంది. రాగికి లొంగని శిలీంధ్రాలనూ చెదపురుగులనూ ఆర్సెనిక్ చూసుకుంటుంది. మరి అన్నిటికంటే ఎక్కువ పాలున్న డైక్రోమేటు చేసే పనేమిటి? అది ఎవరినీ చంపడానికి కాదు, మిగిలిన రెంటినీ కట్టిపడేయడానికి. కర్రలోని పదార్థాలతో చర్య జరిపి క్రోమియం తన రూపం మార్చుకుంటుంది. ఆ మార్పులో రాగినీ ఆర్సెనిక్‌నూ తనతో కలుపుకొని నీటిలో కరగని సమ్మేళనాలుగా కర్ర కణాల్లో అతుక్కుపోతుంది. పసుపు నారింజ రంగులో లోపలికి వెళ్ళిన ద్రావణం కొద్ది రోజుల్లో ఆకుపచ్చగా మారుతుంది. మా డెక్ గుంజల్లోని ఆ మాసిన పచ్చదనం అదే.

కలంకారీ అద్దకం తెలిసినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. బట్టను ముందు కరక్కాయలో నానబెట్టి, పటిక పట్టించి, ఆపైన రంగు వేస్తే ఎన్ని ఉతుకులకూ పోదు. రంగుకూ నూలుకూ నడుమ పటిక ముడి వేస్తుంది. క్రోమియం లవణాలు కూడా అద్దకపువాళ్ళకు తెలిసిన ముడులే. కర్రకూ విషానికీ నడుమ ఆ ముడి వేయడమే కామేశం చేసిన పని.

మన భాషలో చేవ అనే చక్కని మాట ఉంది. మాను నడిమి గట్టి కర్రకూ అదే పేరు, మనిషిలోని సత్తువకూ అదే పేరు. టేకుకూ మద్దికీ చేవ ఉంది కనుక అవి మన్నుతాయి. తొందరగా పెరిగే పైన్ జాతులకు చేవ తక్కువ. మెత్తని తెల్ల కర్రే ఎక్కువ. ఆ మెత్తని కర్రే మందును బాగా పీల్చుకుంటుంది కూడా. చేవలేని కర్రకు బయటి నుంచి చేవ పోయవచ్చునని కామేశం నిరూపించాడు. అమెరికాలో బెల్ టెలిఫోన్ వ్యవస్థ తన కంబాలకు దీన్ని వాడింది. 1970ల నుంచి ఇళ్ళ పెరళ్ళలోకి వచ్చింది. కంచెలు, వసారాలు, పార్కు బల్లలు, పిల్లల ఉయ్యాల చట్రాలు అన్నీ ఆ పచ్చకర్రతోనే. ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతికేళ్ళలో అమెరికాలో ఆరుబయట కర్ర కట్టడమంటే దాదాపుగా కామేశం మందు పట్టించిన కర్రే. డబ్బాల మీద పేరు మాత్రం మూడు మూలకాల తొలి అక్షరాలతో సీసీఏ అని ఉండేది.

ఇక్కడితో ఆపేసి మనవాడి ఘనత అని చప్పట్లు కొట్టి లేచిపోవచ్చు. కానీ కథ అక్కడ ఆగలేదు.

కట్టిపడేసినదంతా పూర్తిగా కట్టుబడి ఉండలేదు. నేలలో పాతే కర్రకు ఘనపు మీటరుకు సుమారు 6.4 కిలోల మందు పట్టించేవారు. అందులో మూడో వంతు పాలు ఆర్సెనిక్ ఆక్సైడే. కొద్ది కొద్దిగా, ఏళ్ళ తరబడి, వానతో ఆర్సెనిక్ దిగుతూనే ఉంది. 2001 ప్రాంతంలో ఫ్లోరిడాలోని పిల్లల ఆటస్థలాల మట్టిలో అది కనిపించడంతో అలజడి రేగింది. కర్ర పట్టుకున్న చేతిని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ఆ వాదనకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం. 2002 ఫిబ్రవరిలో తయారీదారులు తామే తప్పుకోవడానికి ఒప్పుకున్నారు. 2003 డిసెంబరు 31 తరువాత అమెరికాలో ఇళ్ళ అవసరాలకు ఈ మందు పట్టించడం ఆగిపోయింది. విద్యుత్ కంబాలకూ, మరికొన్ని పారిశ్రామిక అవసరాలకూ వాడకం అలాగే ఉంది.

కామేశాన్ని తప్పుపట్టాలా? నేను పట్టలేను. 1930లలో ఆయన ముందున్నది రైలు స్లీపరూ తంతికంబమూ. పాప ఎక్కే ఉయ్యాల కాదు. వస్తువును దాని చోటు నుంచి తీసుకువచ్చి పెరట్లో పెట్టిన నిర్ణయం తరువాతివాళ్ళది. అలాగని విషాన్ని విషం కాదనడానికీ నాకు నోరు రాదు. మనవాడు గనుక దోషాన్ని తగ్గించి చెప్పడమూ, దోషం గనుక మనవాడి పేరు ఎత్తకపోవడమూ, రెండూ చరిత్రకు ద్రోహమే. మనవాళ్ళు ఇప్పటిదాకా రెండో పని బాగానే చేశారనిపిస్తుంది. బ్రహ్మచారి గారి కాలాజ్వరపు మందు గురించి బళ్ళో చదువుకున్నాను. ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఆలస్యంగానైనా తెలిసింది. ఖండాలన్నిటా కోట్లాది గుంజలను నిలబెట్టిన కామేశం పేరు నాకు తెలియడానికి నా బీరపందిరి కూలవలసి వచ్చింది.

సీసీఏ పోయాక దాని స్థానంలో ఆర్సెనిక్, క్రోమియం లేకుండా రాగి ఎక్కువగా ఉన్న మందులు వచ్చాయి. వాటితో ఒక తమాషా జరిగింది. రాగి పాలు పెరగడంతో, కర్రలో దిగిన మామూలు ఇనుప మేకులూ బోల్టులూ త్వరగా తుప్పుపట్టసాగాయి. అందుకని మందంగా జింకు పూత పట్టించిన ఇనుమూ, స్టెయిన్‌లెస్ స్టీలూ తప్పనిసరి అయ్యాయి. సుమారు నూట డెబ్భై ఏళ్ళపాటు వేర్వేరుగా నడిచిన రెండు దారులు, ఇనుమూ విషమూ, అలా ఒకదానికొకటి అడ్డువచ్చాయి. నా చేతిలోని ఇనుప స్పైకు వాటి కూడలిలో నిలబడిన వస్తువు.

ఆ స్పైకు వర్ణన: కింద నాలుగు రెక్కల మేకు, రెండున్నర అడుగుల పొడవు. పైన గుంజ కూర్చునే నలుచదరపు గూడు. మిచెల్ మరకు దూరపు చుట్టం, తిప్పే బదులు సమ్మెటతో కొట్టాలి. మేకు పూర్తిగా మట్టిలో, కర్ర పూర్తిగా మట్టికి పైన. చేవలేని కర్రకు ఇంతకంటే పెద్ద ఉపకారం లేదు. కాంక్రీటు పోయడం ఇంకా మేలు కదా అని అడగవచ్చు. గుంజను నేరుగా కాంక్రీటులో పాతితే, ఎండకు కర్ర ముడుచుకున్నాక చుట్టూ ఏర్పడే సందులో నీరు నిలుస్తుంది. నేల గీత మళ్ళీ అక్కడే తయారు.

దిగగొట్టే ముందు 811కు ఫోను చేశాను. భూమిలో ఉన్న కరెంటు, గ్యాసు తీగలెక్కడున్నాయో వాళ్ళవాళ్ళు వచ్చి ఉచితంగా రంగుగీతలు గీసి వెళ్ళారు. గూడు అంచులు దెబ్బలకు వంగకుండా లోపల ఒక కర్రముక్క పెట్టి, దాని నెత్తిన కొట్టాలి. నాలుగు దెబ్బలకొకసారి మట్టపలక రెండు పక్కలా ఆనించి చూడాలి. మొదటి రెండూ బాగానే దిగాయి. మూడోది అడుగున్నర దిగాక రాయి తగిలి, కొట్టిన కొద్దీ పక్కకు తిరగసాగింది. పంతానికి పోయి ఇంకో పది దెబ్బలు వేశాను. గూడు మొత్తం చతురస్రం తప్పింది. పీకి, జానెడు పక్కన మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగంగుళాల గుంజ అని అమ్మేది కొలిస్తే మూడున్నర అంగుళాలే ఉంటుంది. గూడు కొలత దానికి తగ్గదే కొనాలి. గుంజ కోసిన అడుగుకు రాగి నాఫ్తనేటు పూసి గూటిలో నిలిపి బోల్టులు బిగించాను. ఈ ఏర్పాటు తీగపాదుకు సరిపోతుంది. మనుషులు నిలబడే వసారాను మాత్రం ఎవరూ దీని మీద కట్టకూడదు. తడిసిన బంకమట్టిలో మేకు కొద్దిగా ఊగుతుంది.

డెక్ సంగతి ఇంట్లో చాలా రోజులు చర్చకు వచ్చింది. ఉన్నవాటిని కూల్చమని ఇక్కడి పర్యావరణ సంస్థ చెప్పలేదు. ఏడాదికోసారి నూనె పూత వేస్తే ఆర్సెనిక్ బయటికి రావడం తగ్గుతుందంటుంది. పూత వేశాను. గుంజలను గుంజలుగానే ఉండనిచ్చాను. ఎప్పుడైనా తీసినా ఒక్క ముక్క కూడా పొయ్యిలోకి పోకూడదని, ఆ బూడిదే అసలు విషమని, ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను. చిన్నప్పుడు పాత కర్ర ఏది దొరికినా భోగిమంటలో వేసిన అలవాటు మనది.

మొన్న ఏప్రిల్‌లో బీరవిత్తులు పెట్టాను. కొత్త పందిరిని పాతదాని చోట వేయలేదు. డెక్ చూరునీళ్ళు అటు పారుతున్నాయని గమనించి, ఎత్తుగా ఉన్న వైపు, మరో ఆరు గజాలు ఎడంగా వేశాను. తీగ ఇప్పటికి రెండో గుంజ దాకా పాకింది.